ఫోర్ బార్ మోకాలు: ఆరేళ్ల వాడకం తర్వాత

తొడ నుంచి తీసేసిన కాలికి ఆరేళ్లుగా వాడుతున్నది మామూలు మెకానికల్ ఫోర్ బార్ మోకాలు, అంటే నాలుగు లింకులు కలిపి చేసిన కృత్రిమ మోకాలు. మైక్రోప్రాసెసర్ లేదు, హైడ్రాలిక్ లేదు. లింకులు, పిన్నులు, కాలిని తిరిగి తెరిచే ఒక స్ప్రింగు, నిటారుగా అయ్యాక ఆపే ఒక రబ్బరు బంపర్, అంతే. ఇన్నాళ్లు దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే: అడుగు ముందుకు వేసేటప్పుడు పాదం నేలను రాసుకోదు. ఒకే పిన్ను మీద తిరిగే సింగిల్ యాక్సిస్ మోకాలితో ప్రతి అడుగుకీ నడుము ఎత్తాలి, లేదా కాలిని పక్కనుంచి తిప్పి వేయాలి. ఇందులో మడిచేకొద్దీ లింకులు ముడుచుకుని కింది కాలు కాస్త పైకి లేస్తుంది. ఆ సెంటీమీటరో రెండో చాలు, వేళ్లు తట్టుకోకుండా దాటిపోతాయి. సాయంత్రానికి నడుము ఇంకా నిటారుగా ఉందంటే దీని పుణ్యమే.

బరువు మోపినప్పుడు గట్టిగా నిలబడుతుందని కూడా మొదట్లో గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒక షరతు పెడతాను: మోకాలు పూర్తిగా నిటారుగా అయినప్పుడే. ముందు లింకు గీతనూ వెనక లింకు గీతనూ పొడిగిస్తే అవి కలిసే చోటే మోకాలు నిజంగా తిరిగే కేంద్రం. కాలు నిటారుగా ఉన్నప్పుడు అది బాగా పైన, బరువు గీతకు, అంటే ఒంటి బరువు నేలకు దిగే ఊహా గీతకు, వెనక ఉంటుంది. కొద్ది డిగ్రీలు మడిచిందంటే చాలు, కిందికీ ముందుకీ జరుగుతుంది. గీత దాటిందా, అప్పటిదాకా మోకాలిని నిలబెట్టిన బరువే దాన్ని మడిచేస్తుంది.

నాలుగో ఏట జరిగింది ఇదే. మడమ మోపగానే మోకాలు ఒక్కోసారి జారేది. వింత ఏమిటంటే, వేగంగా నడిస్తే బాగానే ఉండేది, జాగ్రత్తగా మెల్లగా నడిస్తేనే జారేది. మొదట బూటు మడమ ఎత్తు కొలిచాం, ఎందుకంటే అది పెరిగితే మోకాలి కింది పైపు ముందుకు వాలి మోకాలు ముందుకొస్తుంది. తేడా లేదు. భాగాలను కలిపి వాటి కోణం పట్టి ఉంచే పిరమిడ్ స్క్రూలు టార్క్ రెంచితో చూస్తే 15 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉన్నాయి. తొడ దూర్చే సాకెట్ కూడా వదులు కాలేదు. చివరికి పైనున్న ఫోమ్ కవరు తీశాక దొరికింది: బంపర్‌కీ అది ఆనే చోటికీ మధ్య జిడ్డు పట్టి గట్టిపడిన మట్టి. కిర్రుమంటోందని వేసిన నూనే దుమ్మును పట్టి అక్కడ పేర్చింది. మందం ఒక మిల్లీమీటరు. బంపర్ పిన్నుకు 25 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఆ ఒక్క మిల్లీమీటరే రెండు డిగ్రీల పైమాట. వేగంగా నడిస్తే కింది కాలి విసురుకు ఆ మట్టీ రబ్బరూ నొక్కుకుని మోకాలు పూర్తిగా తెరుచుకునేది. మెల్లగా నడిస్తే ఆ విసురు లేదు, పైగా స్ప్రింగు మెత్తబడింది. అద్దంలో చూస్తే కాలు నిటారుగానే కనబడేది. అదే ప్రమాదం.

అప్పటినుంచి వారానికోసారి కాగితం ముక్కతో పరీక్ష. బంపర్ దగ్గర సన్నని కాగితం పెట్టి, కాలిని దానంతట అదే తెరుచుకోనిచ్చి, లాగి చూడాలి. పట్టుకుంటే సరే. జారి వచ్చేస్తే ఆ రోజు కర్ర లేకుండా బయటికి వెళ్లకూడదు. శుభ్రానికి పొడి బ్రష్షు, గుడ్డ చాలు. నూనె మాత్రం వద్దు. కిర్రుమంటే అది బుష్ (పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టం) అరిగిందని చెప్పడం కావచ్చు. పైపు పట్టుకుని మెలితిప్పి చూస్తే ఆ వదులు చేతికి తెలుస్తుంది. కృత్రిమ కాళ్ల బలానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10328 పరీక్షలో 30 లక్షల సార్లు బరువు మోపి చూసేది కాలు విరగదని తేల్చడానికి. దుమ్ములో బుష్ ఎన్నాళ్లు ఆగుతుందో అది చెప్పదు. నాకు ఒకసారి బుష్‌లు, రెండుసార్లు బంపర్ మార్చాల్సి వచ్చింది.

నడక వేగం విషయంలో రాజీ తప్పదు. స్ప్రింగు ఒక్క వేగానికే కుదురుతుంది. బిగిస్తే కింది కాలు టక్కున కొట్టుకుంటుంది, వదులు చేస్తే వెనకే ఉండిపోతుంది.

నా స్టంప్ (మిగిలిన తొడ భాగం) పొడవైనది, తుంటి కండరాల్లో బలం ఉంది, నడిచేది ఎక్కువగా చదునైన నేల మీద. స్టంప్ పొట్టిగా ఉన్నవాళ్లకు, రోజంతా వాలు నేల మీద తిరిగేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. ఈసారి మార్చేటప్పుడు ఇదే లింకుల అమరిక ఉండి, వేగానికి తగ్గట్టు సర్దుకునే, గాలితో పనిచేసే న్యుమాటిక్ సిలిండర్ కూడా ఉన్నది అడుగుతాను, బరువు మరీ పెరగకపోతే.