ఓలానా, బ్వేనస్సా? అద్యోసా, అస్తా లువేగోనా?

ఆగస్టు వచ్చిందంటే చాలు, స్పెయిన్‌లో సీటు వచ్చిన పిల్లల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, ఎవరైనా ఎదురైతే ఏమనాలి? ఓలా సరిపోతుందా, బ్వేనోస్ దీయస్ అనే అనాలా?" ఓలా అంటే స్పానిష్‌లో హలో, బ్వేనోస్ దీయస్ అంటే గుడ్ మార్నింగ్. నాలుగేళ్లుగా మాడ్రిడ్‌లో ఉంటున్నందుకు ఈ పని నా నెత్తిన పడింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

ఓలాతో పెద్దగా ఇబ్బంది లేదు. మనవాళ్లు భయపడేంత చనువు మాటేమీ కాదది, పెద్దవాళ్ల దగ్గరా నడుస్తుంది. కాకపోతే ఏ బ్యాంకులోనో, ప్రొఫెసర్ గదిలోనో ఉత్త ఓలా కాస్త బోసిగా ఉంటుంది. "ఓలా, బ్వేనోస్ దీయస్" అని రెండూ కలిపేస్తే సరి. ఇక్కడివాళ్లూ చాలామంది అలాగే అంటారు.

బ్వేనోస్ దీయస్‌తో గొడవల్లా టైముతోనే. పన్నెండు కొట్టగానే మనం గుడ్ ఆఫ్టర్‌నూన్‌లోకి దిగిపోతాం. స్పెయిన్‌లో మధ్యాహ్నాన్ని తేల్చేది గడియారం కాదు, భోజనం. అదేమో రెండింటికో మూడింటికో. కొత్తలో ఓ రోజు ఒంటిగంటకు మా వీధి చివర రొట్టెల కొట్లోకి వెళ్లి, ఎంతో శ్రద్ధగా నేర్చుకున్న "బ్వేనస్ తార్దెస్" (గుడ్ ఆఫ్టర్‌నూన్) అన్నా. కౌంటర్లో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి "అప్పుడే తినేశావా?" అంది. నిజంగానే అడుగుతోందనుకుని, లేదండీ అన్నా. "అయితే ఇంకా దీయసే" అంటూ రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. భోంచేశారా అని పలకరించుకునే జాతికి ఇది ఒక్క రోజులో ఒంటబట్టాలి. నాకు నెల పట్టింది. మెక్సికోలో ఈ తిప్పలు తక్కువ, పన్నెండు దాటితే తార్దెస్.

సాయంత్రం ఇంకో తిరకాసు. జూన్ నెలాఖరులో మాడ్రిడ్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి 9:45 దాటుతుంది. ఎనిమిదిన్నరకి ఎండలో నిలబడి నోచెస్ (రాత్రి) అనబుద్ధి కాదు. వాళ్లూ తార్దెస్ అనే అంటారు. పైగా బ్వేనస్ నోచెస్ మన గుడ్ నైట్‌లా వెళ్లేటప్పుడు మాత్రమే అనే మాట కాదు, రాత్రి హోటల్లో అడుగుపెడుతూనూ అదే అనాలి.

ఇన్ని లెక్కలు వేసుకోలేకే నేను "బ్వేనస్" దగ్గర ఆగిపోయా. తార్దెస్, నోచెస్‌లని కోసేస్తే మిగిలే మాట ఇది. విచిత్రంగా పొద్దున్న కూడా చెల్లుతుంది. లిఫ్టులో, కూరగాయల కొట్లో, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో రోజంతా ఇదొక్కటే వాడేస్తున్నా. కొత్త భాషలో ఏ మాట ఎంచుకోవాలన్నా నేను చూసేది ఒకటే, తప్పు దొర్లే సందు ఎంత ఉందని. ఆ లెక్కన బ్వేనస్‌ని కొట్టేది లేదు. ఇంటర్వ్యూలకి మాత్రం పూర్తి మాటే వాడండి.

పలకడం గురించి ఒక్క మాట. ఇంగ్లిష్ అక్షరాలు చూసి హోలా, టార్డెస్ అనకండి. తెలుగులో రాసుకోండి. వాళ్ల త, ద మన త, ద లాగే పళ్లకి తగులుతాయి. కోమో ఎస్తాస్ (ఎలా ఉన్నావు) అంటే నువ్వు, కోమో ఎస్తా (ఎలా ఉన్నారు) అంటే మీరు. ఈ తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. స్పెయిన్‌లో నువ్వే ఎక్కువ, కొలంబియా రాజధాని బొగోటాలో స్నేహితుల మధ్య కూడా మీరు వినిపిస్తుంది.

నాకు అసలు పట్టింపు ఉన్నది వీడ్కోలు దగ్గర. అద్యోస్ అందరికీ ముందే తెలిసిన మాట. అందులో దేవుడున్నాడు, ఆయనకి అప్పజెప్పి పంపడమన్నమాట. అనడం తప్పేం కాదు, కొట్లోంచి బయటికొస్తూ అనేవాళ్లు బోలెడుమంది. పల్లెటూళ్లలో అయితే ఎదురుపడి ఆగకుండా సాగిపోయేటప్పుడు పలకరింపుగానూ అంటారు. కానీ కావలసినవాళ్ల దగ్గర గొంతు కాస్త బరువెక్కించి అంటే, ఇక కలవమేమో అన్నట్టుంటుంది. చిన్నప్పుడు గుమ్మం దాటుతూ "పోతున్నా" అంటే మా అమ్మమ్మ వెనక్కి పిలిచి, "వెళ్లొస్తా" అనిపించి గానీ వదిలేది కాదు. అస్తా లువేగో అచ్చంగా ఆ వెళ్లొస్తానే. అస్తా అంటే వరకు, లువేగో అంటే తర్వాత. అన్నంత మాత్రాన మళ్లీ కలవాలనేం లేదు. మా లిఫ్టులో మునుపెన్నడూ చూడనాయన మూడో అంతస్తులో దిగుతూ, ఫోన్లోంచి తలెత్తకుండానే "తలువేగో" అనేసి పోతాడు. అవును, చెవికి అలాగే పడుతుంది, మొదటి అక్షరాలు మింగేస్తారు.

మిగతావి చిన్నాచితకా. చావ్ (బై), నోస్ బేమోస్ (మళ్లీ కలుద్దాం) స్నేహితులకి. అస్తా మన్యానా రేపు నిజంగా కలిసేవాళ్లకే. అస్తా లా బిస్తా హాలీవుడ్ పుణ్యమా అని అందరికీ వచ్చు గానీ, నాలుగేళ్లలో ఇక్కడ ఒక్కరూ మామూలుగా అనగా వినలేదు. మెక్సికో వెళ్లేవాళ్లు మాత్రం ఇంకొకటి నేర్చుకోండి. హోటల్లో తిని లేచి బయటికొస్తూ, ఇంకా తింటున్న పక్క టేబుల్ వాళ్లకి "ప్రొవేచో" (హాయిగా తినండి) అనాలి. ముక్కూ మొహం తెలియకపోయినా సరే.