చెన్నైలో ఆర్‌టీఈ సీటు: ఫీజు లేదంటారు, జూన్‌లో బిల్లు చేతికిస్తారు

ఏడాదికి రెండు లక్షల లోపు ఆదాయం ఉండి, ఇంటికి కిలోమీటరు లోపు ఓ మోస్తరు ప్రైవేటు స్కూలు ఉంటే ఆర్‌టీఈ సీటుకు, అంటే విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూల్లో ఇచ్చే ఉచిత సీటుకు, దరఖాస్తు పెట్టి తీరాలి. ఎల్‌కేజీలో దొరికిన సీటు 8వ తరగతి దాకా నిలుస్తుంది. అంటే పదేళ్ల ట్యూషన్ ఫీజు మిగిలినట్టే. సేవగా చూస్తే మాత్రం దీనికి పూర్తి మార్కులు వేయలేం. దరఖాస్తు, చీటీలు తీయడం వరకు పని బాగానే సాగుతుంది. చిక్కంతా సీటు వచ్చాకే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్లు ఎంట్రీ క్లాసులో, అంటే స్కూలు మొదలయ్యే తరగతిలో, 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఆ పిల్లల ఫీజు సర్కారు స్కూలుకు కడుతుంది. అయితే స్కూలు అడిగినంతా కట్టదు. ప్రభుత్వం తన బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు, ఆ స్కూలు వసూలు చేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తుంది. ఫీజు ఎక్కువగా ఉన్న స్కూలుకు ప్రతి ఆర్‌టీఈ సీటూ నష్టమే. ఫీజు తక్కువగా ఉన్న చిన్న స్కూలుకు నష్టం ఉండదు, కాకపోతే డబ్బు చేతికొచ్చేదాకా ఎదురుచూడాలి. స్కూళ్లు ఆ తర్వాత చేసే పనులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

దరఖాస్తు సంగతి. స్కూలుకు వెళ్లి ఫారం అడగక్కర్లేదు. అంతా స్కూలు విద్యాశాఖ ఆర్‌టీఈ పోర్టల్‌లోనే జరుగుతుంది. మామూలు ఏడాదిలో ఏప్రిల్ నెలాఖర్లో తెరిచి మే నెలలో మూసేస్తారు. ఎల్‌కేజీకి జూలై 31 నాటికి మూడేళ్లు, ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి. స్కూల్లో ఎల్‌కేజీ ఉంటే అదే ఎంట్రీ క్లాసు కాబట్టి, అక్కడ ఒకటో తరగతికి విడిగా ఆర్‌టీఈ సీట్లు ఉండవు. ఎల్‌కేజీ ఏడాది దాటిపోయాక తెలుసుకుని వచ్చే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. వాళ్లకు మిగిలేది ఒకటో తరగతితోనే మొదలయ్యే ఏవో కొన్ని స్కూళ్లు.

కాగితాల దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా రెండు తలనొప్పులున్నాయి. మొదటిది కులం సర్టిఫికెట్. ఆంధ్రాలోనో తెలంగాణలోనో బీసీగా ఇచ్చిన సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. తమిళనాడు తహసీల్దారు ఆఫీసు నుంచి తీసుకున్నదే కావాలి. వలస వచ్చిన కుటుంబానికి అది అంత సులువుగా రాదు. దానికోసం తిరిగి తిరిగి గడువు పోగొట్టుకోవడం కంటే బలహీన వర్గం కింద, ఆదాయం సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టుకోవడం మేలు. ఆ దారికి కులంతో పనిలేదు. ఈ-సేవై సెంటర్లో (తమిళనాడు ప్రభుత్వ సేవా కేంద్రం) ముందు క్యాన్ నంబరు, అంటే మీ పేరు మీద ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీయించి, ఆ తర్వాత ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు పెట్టాలి. వీఏవో (గ్రామ పరిపాలన అధికారి), రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చూశాకే సంతకం పడుతుంది కాబట్టి మార్చిలోనే మొదలుపెట్టండి. పోర్టల్ తెరిచాక పరిగెత్తితే, ఊరంతా అప్పుడే పరిగెడుతూ ఉంటుంది.

రెండోది పేరు. ఇక్కడి రికార్డుల్లో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. మన దగ్గర ఇంటిపేరు. ఊళ్లో తీసిన ఆధార్‌లో ‘బొల్లా హర్షిత’ అని ఉంటుంది. చెన్నై కార్పొరేషన్ జనన ధ్రువపత్రంలో ‘ఆర్. హర్షిత’ అని ఉంటుంది, లేదా పేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఆస్పత్రి నుంచి పుట్టుక నమోదైనా, బిడ్డకు పేరు పెట్టాక తల్లిదండ్రులు వెళ్లి చేర్పించుకోలేదన్నమాట. పుట్టిన ఏడాదిలోపు పేరు చేర్పించడానికి రుసుము లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుము ఉంటుంది. పేరు చేరాక ధ్రువపత్రాన్ని కార్పొరేషన్ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ఆధార్, జనన ధ్రువపత్రం, రేషన్ కార్డు మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోండి. రేషన్ కార్డులో పాత అడ్రసు ఉండి, అద్దె ఇల్లు మారితే కిలోమీటరు లెక్క దగ్గర దరఖాస్తు ఎగిరిపోయే ప్రమాదముంది.

సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే స్కూల్లోనే, తల్లిదండ్రుల ముందు, విద్యాశాఖ మనిషి ఉండగా చీటీలు తీస్తారు. అనాథలు, హెచ్ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులు, పారిశుధ్య కార్మికుల పిల్లలు వంటివారికి చీటీ లేకుండానే ముందు సీటిస్తారు. మిగతా వాటికే డ్రా. వెయిటింగ్ లిస్టు కూడా అక్కడే రాస్తారు. ఈ మొత్తం సేవలో నమ్మదగిన భాగం ఇదే. అందరి కళ్లముందూ జరుగుతుంది కాబట్టి సిఫార్సులకు చోటు తక్కువ. తప్పకుండా వెళ్లండి, వెయిటింగ్ లిస్టులో మీ నంబరు రాసుకోండి, వీలైతే ఫొటో తీసుకోండి.

స్కూలు ఎంచుకునేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మైనారిటీ స్కూళ్లకు ఈ 25 శాతం వర్తించదు. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రమతి కేసులో అలా తీర్పిచ్చింది. మతపరమైనవే కాదు, భాషాపరమైన మైనారిటీ స్కూళ్లూ అందులోకి వస్తాయి. అంటే చెన్నైలో తెలుగు ట్రస్టులు తెలుగు మైనారిటీ హోదాతో నడిపే ప్రైవేటు స్కూళ్లలో పేద తెలుగు పిల్లవాడికి ఆర్‌టీఈ సీటు అడిగే హక్కు లేదు. ఇంతకంటే విడ్డూరం ఏముంటుంది! 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును మళ్లీ చూడాల్సిన అవసరం ఉందంటూ విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుకు పంపింది. ప్రస్తుతానికి మినహాయింపు మాత్రం అలాగే ఉంది.

ఇక జూన్. సీటు వచ్చిన కుటుంబానికి స్కూలు ఆఫీసులో ఓ చీటీ ఇస్తారు. నోటుబుక్కులు, డైరీ, ఐడీ కార్డు, టై, బెల్టు, రెండు జతల యూనిఫాం, బూట్లు, స్మార్ట్‌క్లాస్, ఆక్టివిటీ ఫీజు. కింద ఒక మొత్తం. రశీదు అడిగితే స్కూలు పేరు మీద ఇవ్వరు, ట్రస్టు పేరు మీదో ఏదో స్టేషనరీ దుకాణం పేరు మీదో ఇస్తారు. కొన్నిచోట్ల తెల్లకాగితం మీద అంకెలు మాత్రమే రాసి చేతికిస్తారు. ‘ట్యూషన్ ఫీజే సర్కారు ఇస్తుంది, మిగతావి మీరే’ అని కరస్పాండెంట్ గట్టిగా చెబుతారు. చట్టం అలా చెప్పదు. చదువు పూర్తిచేయడానికి అడ్డొచ్చే ఏ ఫీజూ, ఏ ఖర్చూ పిల్లవాడి నుంచి తీసుకోకూడదని 3వ సెక్షన్ అంటోంది. పుస్తకాలు, యూనిఫాం ఖర్చు కూడా ప్రభుత్వమే భరించాలని మద్రాస్ హైకోర్టు 2023లో చెప్పింది. స్కూలు వ్యాన్ సంగతి వేరు. అది ఎక్కితే డబ్బు కట్టాల్సి వస్తుంది, అందుకే కిలోమీటరు లోపు స్కూలంటే నడిచి వెళ్లేదే చూసుకోవాలి.

అలా అని మొదటిరోజే గొడవకు దిగితే పిల్లవాడికి తరగతిలో ఇబ్బందవుతుందని తల్లిదండ్రులు జంకుతారు. అది అర్థం చేసుకోదగ్గ భయమే. పనికొచ్చే పద్ధతి ఒకటుంది. డబ్బు కట్టాల్సివస్తే ప్రతి పైసాకీ స్కూలు ముద్ర ఉన్న రశీదు అడగండి. ఇవ్వనంటే ‘ఇవి ఎందుకు కట్టాలో రాసివ్వండి’ అని కాగితం మీద అడిగి, ఆ కాగితం నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. సగం పద్దులు అక్కడే మాయమవుతాయి. తర్వాతి మెట్టు జిల్లా విద్యాధికారి, అదీ ప్రైవేటు స్కూళ్లు చూసే అధికారి. ఆ పైన నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులోని విద్యాశాఖ ప్రాంగణంలో ప్రైవేటు స్కూళ్ల డైరెక్టరేట్ ఉంది. ఫోన్లో అయితే 14417. డొనేషన్ అడిగితే దానికి పది రెట్ల వరకు జరిమానా, పిల్లవాడికో తల్లిదండ్రులకో పరీక్షో ఇంటర్వ్యూనో పెడితే మొదటిసారి రూ.25,000 వరకు, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 వరకు జరిమానా అని చట్టంలోనే ఉంది. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా స్కూలు నుంచి తీసేయడానికీ వీల్లేదు. టీసీ ఇచ్చేస్తామన్న బెదిరింపు వట్టిదే.

స్కూళ్లను మాత్రమే తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. సర్కారు డబ్బు ఎప్పుడూ ఆలస్యమే. మోడల్ స్కూళ్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎం శ్రీ పథకం ఒప్పందం మీద తమిళనాడు సంతకం పెట్టలేదని, స్కూలు చదువులకు రాష్ట్రాలకిచ్చే సమగ్ర శిక్ష నిధులను కేంద్రం ఆపేసింది. 2024-25కే దాదాపు రూ.2,152 కోట్లు. ఆ దెబ్బకు 2025లో ఏప్రిల్, మేలలో తెరవాల్సిన ఆర్‌టీఈ పోర్టల్ తెరుచుకోలేదు. హైకోర్టు దాకా వెళ్లి, ఆర్‌టీఈ వాటా విడుదలయ్యాక అక్టోబరులో గానీ ప్రక్రియ మొదలు కాలేదు. అప్పటికే స్కూల్లో చేరిపోయిన పిల్లల్లోంచే అర్హులను తీసుకుని, కట్టిన ఫీజు వాపసు ఇమ్మన్నారు. అంటే జూన్‌లో ఫీజు కట్టగలిగిన కుటుంబాలకే ఆ ఏడాది ఉచిత సీటు! ఎవరికోసం పెట్టిన పథకమో వాళ్లే బయట నిలబడ్డారు. ఇలాంటి సేవకు ఆ ఒక్క ఏడాదికి సున్నా మార్కులు వేసినా తప్పులేదు.

అమెరికాలో ఉన్న బంధువులు ‘మా పిల్లాడికి లాటరీలో చార్టర్ స్కూలు వచ్చింది’ అంటుంటారు కదా, ఇదీ అలాంటిదేనా అని చాలామంది అడుగుతారు. లాటరీ ఒక్కటే పోలిక. 1991లో మిన్నెసోటా రాష్ట్రం తెచ్చిన చట్టంతో మొదలైన చార్టర్ స్కూళ్లలో ఏ పిల్లవాడికీ ఫీజు ఉండదు. అవి ప్రభుత్వ డబ్బుతో, ప్రైవేటు యాజమాన్యం కింద, ఒప్పందం మీద నడుస్తాయి. పిల్లవాడు అక్కడికి వెళ్తే అతని తలకు వచ్చే నిధులూ స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) నుంచి అటే వెళ్తాయి. అందుకే అక్కడ డిస్ట్రిక్టులకీ చార్టర్లకీ మధ్య అంత రగడ. ఇక్కడ ఆర్‌టీఈ సీటు వల్ల కార్పొరేషన్ బడికి నేరుగా డబ్బు తగ్గదు, తలలు తగ్గుతాయి. చట్టం లెక్కలో ప్రాథమిక బడికి 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. వీధిలోంచి ఐదుగురు పిల్లలు పక్క మెట్రిక్యులేషన్ (ప్రైవేటు) స్కూలుకు వెళ్లిపోతే ఒక పోస్టు ఎగిరిపోవచ్చు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కలిపి కూర్చోబెట్టే పరిస్థితి అలా వస్తుంది. కర్ణాటక ఈ వాదన మీదే నిబంధన మార్చింది. దగ్గర్లో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ (సర్కారు సాయంతో నడిచే) స్కూలుంటే ప్రైవేటులో ఆర్‌టీఈ సీటు లేదంది. హైకోర్టు 2019 మేలో దాన్ని సమర్థించింది. బెంగళూరు లాంటి ఊళ్లో సర్కారు బడి దగ్గర్లో లేని వీధి అరుదు కాబట్టి అక్కడ ఈ దారి దాదాపు మూసుకుపోయింది.

చార్టర్‌కు మన దగ్గర అసలు సాటి ఎయిడెడ్ స్కూలు. యాజమాన్యం ట్రస్టుదో చర్చిదో, టీచర్ల జీతం సర్కారుది. సీటు రానివాళ్లు ప్రైవేటుకు అప్పులు చేసేముందు ఇటు చూడాలి. ఉచిత పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉన్నాయి. 2025 ఆగస్టు 26 నుంచి నగరాల్లోని ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో ఉదయం టిఫిన్ కూడా పెడుతున్నారు. కానీ గేటు దగ్గరే ఒక ప్రశ్న అడగాలి: ‘ఈ సెక్షన్ ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా?’ ఒకే బోర్డు కింద తమిళం మీడియం ఎయిడెడ్‌గా, ఇంగ్లిష్ మీడియం ఫీజుతో నడిచే స్కూళ్లు చెన్నైలో చాలా ఉన్నాయి. రెండో ప్రశ్న, మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీ. ఖాళీ పోస్టులో యాజమాన్యం తక్కువ జీతానికి పెట్టుకున్న టీచరుంటే, ఆ ఖర్చు ఏదో ఒక పేరుతో మీ దగ్గరికే వస్తుంది. తెలుగు చెబుతామన్న స్కూలైతే ప్రస్తుతం తెలుగు టీచరు ఉన్నారా, వారానికి ఎన్ని పీరియడ్లు అని టైంటేబుల్ చూపించమనండి.

ఆర్‌టీఈ సీటుతో ఉన్నవాళ్లు 8 అయ్యాక ఏం చేయాలో 7లోనే ఆలోచించాలి. 9 నుంచి పూర్తి ఫీజు మొదలవుతుంది. ఆ స్కూలుకు ఫీజు నిర్ణాయక కమిటీ ఎంత ఖరారు చేసిందో చూసి, అంతకంటే ఎక్కువ అడుగుతున్నారేమో పోల్చుకోండి. అక్కడే కొనసాగిస్తే సరే. 9లో ప్రభుత్వ స్కూలుకు మారి 12 దాకా చదివితే మాత్రం మెడికల్ సీట్లలో ప్రభుత్వ బడి పిల్లలకిచ్చే 7.5 శాతం కోటాకు ఆర్‌టీఈ పిల్లలూ అర్హులే. ఆడపిల్లలకు కాలేజీలో నెలకు వెయ్యి రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకానికీ అంతే. ఎయిడెడ్‌లో చేరితే ఆ 7.5 శాతం ఉండదు. ఈ లాభాలకు పిల్లవాడు ఆర్‌టీఈ కింద చదివినట్టు రుజువు కావాలి. కాబట్టి సీటు వచ్చిన ఏడాదే స్కూలు ఆఫీసులో ఈఎంఐఎస్ నంబరు (విద్యాశాఖ రికార్డులో పిల్లవాడికిచ్చే నంబరు) అడిగి, రికార్డులో ఆర్‌టీఈ అని నమోదైందో లేదో చూపించమనండి. అలాట్‌మెంట్ కాగితం, 6, 7, 8 తరగతుల బోనఫైడ్‌లు ఒకే కవరులో దాచండి. తొమ్మిదేళ్ల తర్వాత అడిగితే అప్పటి హెడ్మిస్ట్రెస్ రిటైరై ఉంటారు, ఆఫీసు క్లర్కు మారి ఉంటాడు.