ఇగో ఉండటం, ఇగో పోవటం

మా కోనసీమలో "వాడికి ఇగో ఎక్కువ" అంటే పొగరనే అర్థం. ప్రవచనాల్లో "ఇగో చంపుకోవాలి" అన్నప్పుడు మాట వేదాంతానిది: మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగింటిలో చివరిది. దేహమే నేననే ఆ పట్టు వదలాలి.

1923లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ వివరించిన ఇగో వేరు. కోరికలకీ, మనస్సాక్షికీ, లోకానికీ మధ్య సర్దుబాటు చేసేది అదే. ధవళేశ్వరం ఆనకట్ట తీసేస్తే గోదారి కాలవలకెక్కుతుందా? ఇదీ అంతే, ఉండాల్సిందే.

వేదాంతం ఇగోనీ, ఫ్రాయిడ్ ఇగోనీ కలిపేసుకుని చాలామంది నలిగిపోతున్నారు, అదే నా బాధ. అవమానాలన్నీ మింగడం ఇగో పోవటం కాదు. గట్టు తగాదాతో మా పెదనాన్న తమ్ముడితో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఒక సంక్రాంతికి తనే వెళ్లి, "రారా, భోంచేద్దాం" అన్నాడు. పంతం పోయింది. మనిషి మాత్రం నిటారుగానే నడిచొచ్చాడు.