రాళ్ల ఏట్లో ఓపెన్ కనూ: రాయలెక్స్, టీ-ఫార్మెక్స్, పాలీ, కెవ్లార్... ఏది మేలు?

అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు వేసవిలో ఒకోయీ నదికో, నాంటహేలా నదికో వెళ్తే ఎక్కువగా రాఫ్ట్ ఎక్కి వచ్చేస్తారు. అదే నీటిలో కొందరు మోకాళ్ల మీద కూర్చుని, ఒకే తెడ్డుతో, పైన మూత లేని చిన్న పడవను, అంటే ఓపెన్ కనూను, రాళ్ల మధ్య నడుపుకుంటూ పోతుంటారు. వాళ్లను చూసి మనసు పడినవాళ్లు అడిగేవి రెండు ప్రశ్నలు. ఏ డిజైన్ కొనాలి? ఏ మెటీరియల్ కొనాలి? ఈ రెండిటినీ విడివిడిగా తేల్చాలని చూస్తే తల తిరిగిపోతుంది. పడవ దేనితో చేశారన్నది దాని ఆకారాన్ని సగం నిర్ణయించేస్తుంది, అందుకే కలిపే చూడాలి.

ముందు పాతది చెప్పుకుందాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీ అల్యూమినియం కనూలు తెచ్చింది. గట్టివే, కానీ రాయి తగిలితే జారవు, అతుక్కుని ఆగిపోతాయి. పారే నీటిలో పడవ ఆగితే వెనకాల వచ్చే నీరంతా దాని మీదే పడుతుంది. 1970లలో రాయలెక్స్ కనూలు వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. రాయలెక్స్ అంటే పొరల షీటు: మధ్యలో ఏబీఎస్ అనే ప్లాస్టిక్ ఫోమ్, రెండు వైపులా గట్టి ఏబీఎస్, పైన ఎండ నుంచి కాపాడే వినైల్ పొర. ఆ షీటును ఓవెన్‌లో వేడి చేస్తే మధ్య పొర పొంగుతుంది. వేడి మీదే వాక్యూమ్‌తో అచ్చుకి లాగి పడవ చేస్తారు. రాయి తగిలితే జారిపోతుంది. రాయి చుట్టూ రెండుగా మడతపడ్డా, బయటికి లాగి కాళ్లతో నాలుగు తన్నులు తన్నితే చాలాసార్లు మళ్లీ పడవలాగే నిలబడుతుంది. ముడతలు మిగులుతాయి, అంతే.

కానీ షీటును అచ్చులోకి లాగినప్పుడు ఎక్కడ ఎక్కువ సాగుతుందో అక్కడ పలచబడుతుంది. పడవ రెండు కొనలూ అలాంటి చోట్లే, రాయి ముందుగా తగిలేదీ అక్కడే. అందుకే పాత రాయలెక్స్ పడవల కొనల కింద కెవ్లార్ అనే గట్టి నార ఫెల్టుతో చేసిన స్కిడ్ ప్లేట్లు, అంటే అరగకుండా అతికించే పట్టీలు, కనిపిస్తాయి. పదునైన అంచులు ఇవ్వడమూ కష్టమే. డాగర్ కంపెనీ ఒకోయీ మోడల్ లాంటి అంచున్న డిజైన్లు రాయలెక్స్‌లో రాకపోలేదు, కానీ అరుగుదల మొదలయ్యేది ఆ అంచుల దగ్గరే. అందుకే రాయలెక్స్ కాలపు పడవలు చాలావరకు 11 నుంచి 13 అడుగుల పొడవుతో, గుండ్రటి అడుగుతో, కొనలు పైకి వంగి ఉంటాయి. ఈ వంపునే రాకర్ అంటారు. రాకర్ ఎక్కువైతే పడవ సులువుగా తిరుగుతుంది, తిన్నగా వెళ్లడం తగ్గుతుంది.

2013లో పాలీవన్ అనే కంపెనీ రాయలెక్స్ తయారుచేసే స్పార్టెక్‌ను కొని, ఆ షీటు ఉత్పత్తి ఆపేస్తామని ప్రకటించింది. కనూ తయారీదారులందరికీ ఒక్కసారిగా కాళ్ల కింద నేల కదిలినట్టయింది. క్యుబెక్‌లోని ఎస్కిఫ్ అనే కనూ కంపెనీ 2014లో మూతపడి, మరుసటి ఏడాది మళ్లీ తెరుచుకుని, సొంతంగా టీ-ఫార్మెక్స్ అనే షీటు తెచ్చింది. ఇదీ ఏబీఎస్ పొరలదే, తయారీ పద్ధతీ దాదాపు అదే. రాయలెక్స్ కంటే తేలిక, ఒరిపిడికి ఎక్కువ ఆగుతుంది అని కంపెనీ మాట. నా ఉద్దేశంలో దీని అసలు విలువ వేరే ఉంది. గుండ్రటి అడుగున్న మంచి పాత ఆకారాలు దీని వల్లే కొత్త పడవలుగా ఇంకా దొరుకుతున్నాయి.

ఇక పాలీ, అంటే పాలీఎథిలీన్. కొత్త డిజైన్లు ఎక్కువగా పుట్టింది ఇక్కడే. ప్లాస్టిక్ పొడిని మూసిన అచ్చులో పోసి, ఓవెన్‌లో రెండు దిశల్లో తిప్పుతూ కరిగిస్తారు. ఇందులో షీటును లాగడం ఉండదు కాబట్టి మూలల్లో పలచబడే సమస్య చాలా తక్కువ. డిజైనర్‌కి చెయ్యి విప్పినట్టే. ఎస్కిఫ్ లెడ్జ్, బ్లాక్‌ఫ్లై ఆప్షన్ లాంటివి ఇలా వచ్చినవే. కయాక్ (పైన మూత ఉండే పడవ) డిజైన్ల నుంచి చాలా నేర్చుకున్న పడవలు ఇవి: తొమ్మిది అడుగుల చుట్టూ పొడవు, చదునైన అడుగు, అడుగూ పక్క గోడా కలిసేచోట స్పష్టమైన అంచు. అల మీద నిలబడి సర్ఫ్ చేయడానికి, బెత్తెడు చోటులో తిరగడానికి వీటికి సాటి లేదు. పొట్టిగా ఉండి, ఖాళీ అంతా గాలి నింపిన ఎయిర్‌బ్యాగులు ఆక్రమిస్తే లోపలికి వచ్చే నీరూ తక్కువే. లీటరు నీరు కిలో బరువు. నిండిన పొడుగు కనూలో కొన్ని వందల కిలోలు మోస్తున్నట్టు. చాలామంది ఇప్పుడు బ్యాటరీ పంపు కూడా బిగించుకుంటున్నారు, స్విచ్ వేసి నీరు తోడుకుంటూనే తెడ్డు వేయొచ్చు.

అయితే ఆ అంచే కొత్తవాళ్లకు శత్రువు. పెద్ద రాయి వెనుక నీరు నిలిచి, ఎదురు తిరిగే చోటును ఎడ్డీ అంటారు. ఎడ్డీలోంచి ప్రవాహంలోకి వచ్చే క్షణంలో నీరు పడవ పక్క నుంచి కొడుతుంది. అప్పుడు పడవను ప్రవాహం కిందివైపు వాల్చి, పైవైపు అంచును నీటికి అందకుండా ఎత్తి పట్టాలి. గుండ్రటి అడుగున్న పడవైతే వాల్పు కాస్త తప్పినా వెంటనే బోల్తా పడదు, ఒరగడం మొదలుపెడుతుంది, సర్దుకోవడానికి ఒక తెడ్డు వేటు వ్యవధి ఇస్తుంది. పదును అంచున్న పడవ ఆ వ్యవధి ఇవ్వదు. అంచు నీటికి దొరికిందా, తల కిందికి, కాళ్లు పైకి. నాంటహేలా నీరు జలాశయం అడుగు నుంచి వస్తుంది, జూలైలోనూ ఎముకలు కొరికే చలి. అందులో మాటిమాటికీ మునుగుతూ నేర్చుకోవడం ఎవరికీ సరదాగా ఉండదు, చాలామంది అక్కడితో మానేస్తారు. మొదటి పడవగా పొట్టి పాలీ బోటు వద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పాలీకి ఇంకో చిక్కు ఉంది, కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. దానికి జిగురు అంటదు. ఓపెన్ కనూ షాపు నుంచి వచ్చినట్టే వాడేది కాదు. మోకాళ్ల మీద కూర్చోవడానికి ఫోమ్ శాడిల్, తొడల మీదుగా పట్టీలు, కాలి వేళ్లు ఆనించడానికి పెగ్గులు, ఎయిర్‌బ్యాగులు ఎగిరిపోకుండా తాళ్లు, ఇవన్నీ మన ఒంటికి సరిపడేలా బిగించుకోవాలి. రాయలెక్స్‌లో, టీ-ఫార్మెక్స్‌లో ఈ పని హాయిగా ఉంటుంది. డీ-రింగ్ (పట్టీ కట్టే డి ఆకారపు కడియం) ఉన్న వినైల్ ముక్కను కావాల్సిన చోట పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, ఆ లోపలి భాగాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, రెండు వైపులా పలచగా వినైల్ జిగురు రాసి ఆరనిచ్చి, ఇంకోసారి రాసి, హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి అంటించి, చెంచా వెనకవైపుతో మధ్య నుంచి అంచుల దాకా గాలి బుడగ లేకుండా రుద్దాలి. ఒక రోజు వదిలేస్తే నీ బరువంతా దాని మీద వేసి లాగినా ఊడదు. రెండు వారాలయ్యాక పట్టీ రెండంగుళాలు వెనక్కి ఉంటే బాగుండనిపిస్తే, ఇంకో ముక్క అంటించుకోవడమే. పాలీలో అంతా బోల్టుల పని, కంపెనీ ఎక్కడ చోటు పెట్టిందో అక్కడే చాలావరకు సర్దుకోవాలి. చిల్లు పడితే ప్యాచ్ వేయడమూ అంతే కష్టం, ఎపాక్సీ జిగురు దాన్ని సరిగా పట్టుకోదు.

కెవ్లార్, ఫైబర్‌గ్లాస్ పడవల సంగతి వేరే. 1965లో డ్యూపాంట్‌లో స్టెఫానీ క్వోలెక్ పరిశోధనతో వచ్చిన కెవ్లార్ లాగితే తెగదు కానీ, రాతికి ఒరిస్తే నూగు లేస్తుంది. అందుకే వైట్‌వాటర్ (రాళ్ల మధ్య ఉరికే నీటి) పడవల్లో బయట ఎస్-గ్లాస్ అనే గట్టి గాజు నార, లోపల కెవ్లార్ వేస్తారు. ఒరిపిడిని, నొక్కుడిని గాజు తట్టుకుంటే, దెబ్బ తగిలినప్పుడు లోపల ఏర్పడే లాగుడును కెవ్లార్ పట్టి ఉంచుతుంది. ఇటీవల నోవా క్రాఫ్ట్ అనే కంపెనీ టఫ్‌స్టఫ్ పేరుతో బసాల్ట్ నార, ఇన్నెగ్రా అనే పాలీప్రొపిలీన్ నార కలిపి నేసిన బట్టతో పడవలు చేస్తోంది. అవి ఎక్కువగా పొడుగు ప్రయాణాలకు ఉద్దేశించినవి.

ఫైబర్ పడవ ఎక్కినవాళ్లకు మొదట తెలిసేది వేగం. గోడలు వంగవు కాబట్టి తెడ్డు వేటు వృథా పోదు. పార్కింగ్ నుంచి ఏటి దాకా ఒక భుజం మీద మోసుకుపోవచ్చు; యాభై దాటినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. స్లాలమ్ (గేట్ల మధ్య తిరుగుతూ పోయే) పందేలకు ఇంకోదాని గురించి ఆలోచించక్కర్లేదు. పగుళ్లు వస్తాయి, కానీ వచ్చిన పగులును ఇంట్లో గాజు బట్ట, ఎపాక్సీతో పూర్తిగా బాగు చేయొచ్చు. నీళ్లు తక్కువగా ఉండి, అడుగడుగునా రాళ్లు గీరుకునే ఏట్లో మాత్రం ప్రతి వారం ఆ పని చేసే ఓపిక ఉండాలి.

నా తీర్పు అడిగితే, నేర్చుకునేవాళ్లకు 12, 13 అడుగుల గుండ్రటి రాయలెక్స్ పడవ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అంతకు మించింది లేదు. మోహాక్, డాగర్, మ్యాడ్ రివర్ కంపెనీల పాతవి ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. దొరక్కపోతే టీ-ఫార్మెక్స్ కొత్తది. ఒకోయీని తడబడకుండా దిగి, అలల మీద ఆడాలనిపించినప్పుడు పొట్టి పాలీ తీసుకోండి. అప్పటికి ఆ అంచు శత్రువు కాదు, పనిముట్టు. ఫైబర్ మాత్రం రాళ్లను చూసి తప్పించుకోవడం అలవాటైనవాళ్లకు.

పాత రాయలెక్స్ చూడ్డానికి వెళ్తే పడవను ముందు బోర్లించండి. గీతలు ఎన్ని ఉన్నా పరవాలేదు. వినైల్ పోయి కింద ఏబీఎస్ కనిపిస్తే స్కిడ్ ప్లేటుతో సరిచేయొచ్చు. ఏబీఎస్ కూడా పోయి ఫోమ్ కనిపిస్తే బేరమాడకుండా వచ్చేయండి. తర్వాత పై అంచున ఉండే పట్టీలు, అంటే గన్నెల్స్, చెక్కవైతే స్క్రూల దగ్గర గోరుతో తడిమి చూడండి. చలికాలంలో ప్లాస్టిక్ కుంచించుకున్నంతగా చెక్క కుంచించుకోదు, దాంతో స్క్రూ రంధ్రాల నుంచి కిందికి సన్నటి పగుళ్లు దిగుతాయి. ఒకటి రెండైతే ఎపాక్సీ చాలు. కొన్నాక మంచు పడే ముందు ఆ స్క్రూలను వదులు చేసి, పడవను ఎండ తగలని చోట బోర్లించి పెట్టుకోండి.