వాక్యూమ్ గేజ్: పాత కార్బురేటర్ కారుతో కొన్నేళ్లు వాడిన తర్వాత

యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు ఒక క్షణం ఆగి ఆ తర్వాత అందుకుంటుంది. మధ్యమధ్యలో కార్బురేటర్‌లోంచో సైలెన్సర్‌లోంచో టప్పుమని పేలుతుంది. పాత కారు నడిపేవారిలో ఈ బాధ పడనివారు తక్కువ. ఇది మొదలుకాగానే ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ వంటి స్పార్కు భాగాలను వరసగా మార్చుకుంటూ పోవడం చాలామందికి అలవాటు. ఆ పద్ధతి నాకు అసలు నచ్చదు. ఏ భాగం వల్ల నయమైందో చివరికి తెలియదు, పైగా బాగున్న పాత భాగం పోయి నాసిరకం కొత్తది వచ్చి కూర్చుంటుంది. అందుకే నేను ముందుగా, ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు ఏర్పడే పీల్పు బలాన్ని (వాక్యూమ్) కొలిచే వాక్యూమ్ గేజ్ తగిలిస్తాను. కొన్నేళ్లుగా నా దగ్గరున్న పనిముట్లలో దీనంత తరచుగా బయటికి తీసింది మరొకటి లేదు.

ఒక డయల్, ఒక రబ్బరు గొట్టం, రెండుమూడు సైజుల కనెక్టర్లు. వస్తువు ఇంతే. కార్బురేటర్ నుంచి సిలిండర్లకు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని తీసుకెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు ఉన్న గొట్టపు మూతికి తగిలించి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తుండగా, చూడాలి. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కు ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య దాదాపు కదలకుండా నిలుస్తుంది. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ఎత్తైన ప్రాంతాల్లో ఉన్నవారు ఈ లెక్క వేసుకోకపోతే లేని రోగం కోసం వెతుకుతారు.

నా కారు తడబడటం మొదలైనప్పుడు ముల్లు 14 దగ్గర స్థిరంగా నిలబడింది. ముల్లు ఊగకుండా తక్కువ చూపిస్తే నేను మొదట అనుమానించేవి రెండు: ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే వేళ) వెనకబడింది. గాలి సంగతి తేల్చడానికి మానిఫోల్డ్ నుంచి వెళ్లే గొట్టాలను, బ్రేక్ బూస్టర్ గొట్టంతో సహా, ఒక్కొక్కటిగా నొక్కిపట్టాను. లోపం ఉన్న గొట్టమైతే దాన్ని నొక్కగానే ముల్లు పైకి లేస్తుంది. నా విషయంలో ఏదీ లేపలేదు. చివరికి కార్బురేటర్ అడుగున గాస్కెట్ చుట్టూ కొద్దిగా నీళ్లు చిమ్మితే ఇంజిన్ చప్పుడు మారింది. గాస్కెట్ మార్చాక ముల్లు 18కి చేరింది, కార్బురేటర్‌లోంచి పేలడం ఆగిపోయింది. కొందరు ఇలాంటి చోట గాస్కెట్ మార్చకుండా బోల్టులు బలంగా బిగిస్తారు. అలా చేస్తే కార్బురేటర్ అడుగుభాగం వంగిపోతుంది, లీకు శాశ్వతమవుతుంది.

ఇదే పరీక్షకు నీళ్లకు బదులు పెట్రోలో కార్బురేటర్ క్లీనరో చిమ్మేవారు ఉన్నారు. అసలే కార్బురేటర్‌లోంచి మంట తన్నుతున్న ఇంజిన్ మీద ఆ పని దయచేసి చేయకండి. ఎయిర్ ఫిల్టర్ తీసి ఉన్నప్పుడు ముఖం కార్బురేటర్ మీదికి వంచకండి. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో పెట్టుకోండి.

పేలుడు ఎక్కడ వినిపిస్తోందన్నది ముఖ్యం. మిశ్రమంలో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే అది నెమ్మదిగా మండుతుంది. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే వేళకు లోపల ఇంకా మంట ఉంటే కొత్తగా వచ్చే మిశ్రమం అంటుకుని వెనక్కి, కార్బురేటర్ వైపు తన్నుతుంది. సైలెన్సర్ వైపు పేలితే కథ వేరు. సిలిండర్లో కాలకుండా పోయిన ఇంధనం అక్కడి వేడికి అంటుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రమే ఇలా పేలుతుంటే ఎగ్జాస్ట్ అతుకుల దగ్గర గాలి పీలుస్తోందేమో నేను ముందు చూస్తాను.

టైమింగ్ విషయంలో గేజ్ మంచి సూచిక, కానీ మంచి కొలమానం కాదు. పాయింట్లలో (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే స్విచ్చు) తిరిగే క్యామ్‌కు రాసుకునే దిమ్మ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి జరుగుతుంది, ముల్లు కూడా దిగుతుంది. ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పుతూ ముల్లు అత్యధికంగా లేచిన చోట బిగించేయమనే సలహా విస్తారంగా వినిపిస్తుంది. ఆ సలహాను నేను ఒప్పుకోను. అలా చేస్తే టైమింగ్ సాధారణంగా మరీ ముందుకు పోయి, బరువు మీద ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే లోపల ఠకఠకమని కొట్టుకుంటుంది. ముందు పాయింట్ల గ్యాప్ సరిచేసి, తర్వాత టైమింగ్ లైటుతో, తయారీదారు చెప్పిన గుర్తుకే పెట్టాలి.

ముల్లు కదలికలను చదవడం కొంత సాధన మీద వస్తుంది. క్రమం తప్పకుండా ఒకే లయలో కిందికి కొడుతుంటే ఏదో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి. ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లమెల్లగా దిగుతోందంటే సైలెన్సర్ లోపల మూసుకుపోయి ఉండవచ్చు.

గేజ్ చెప్పలేనివీ ఉన్నాయి. గాస్కెట్ మార్చాక కూడా నా కారులో తొలి తొక్కుడుకు కొంత తడబాటు మిగిలింది. ముల్లు మాత్రం అంతా బాగుందనే అంటోంది. ఇంజిన్ ఆపి, అది చల్లబడ్డాక ఎయిర్ ఫిల్టర్ తీసి థ్రాటిల్ (లోపలికి వెళ్లే దారిని తెరిచే రేకు) లాగి చూస్తే పెట్రోలు ధార ఆలస్యంగా, బలహీనంగా వచ్చింది. తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపులోని డయాఫ్రమ్ (పలచని పొర) గట్టిపడిపోయింది. ప్లగ్గు వైర్ల మధ్య స్పార్కు దూకడం, డిస్ట్రిబ్యూటర్ మూతలో సన్నని పగులు, మురికి చేరిన పెట్రోలు ఫిల్టరు కూడా అంతే, ఐడ్లింగ్‌లో చూసే ముల్లుకు తరచుగా చిక్కవు. వైర్ల సంగతి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే కంటికే కనిపిస్తుంది.

వస్తువు నాణ్యత గురించి: ముందుగా పాడయ్యేది గొట్టమే. రబ్బరు గట్టిపడి చివర్లు చీలితే గేజే లీకుకు కారణమై తప్పుడు అంకె చూపిస్తుంది. నేను మందమైన గొట్టం వేసుకున్నాక ఆ బాధ లేదు. చవక రకాల్లో ముల్లు వణుకుతూ ఉంటుంది, ఆ వణుకు ఇంజిన్‌దో గేజ్‌దో తేల్చుకోవడం కష్టం. పెద్ద డయల్, లోహపు పెట్టె ఉన్నది తీసుకోండి. తగిలించే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో ప్రతిసారీ చూడండి. డీజిల్ కారున్నవారికి ఇది పనికిరాదు. మామూలు డీజిల్ ఇంజిన్లో ఈ వాక్యూమ్ ఉండదు.

ఇప్పుడు కొత్తగా కొనేవారికి మాత్రం విడి గేజ్ కన్నా గేజ్ అమర్చిన చేతి వాక్యూమ్ పంపు మంచిదంటాను. గేజ్ చేసే పని అదీ చేస్తుంది. దాంతోపాటు వాక్యూమ్‌ను బట్టి స్పార్కును ముందుకు జరిపే డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్‌ను ఇంజిన్ ఆపి ఉండగానే పరీక్షించవచ్చు. పంపుతో వాక్యూమ్ పెడితే లోపలి పలక కదలాలి, ముల్లు దిగకుండా నిలవాలి. పాత కార్లలో తడబాటుకు చిరిగిన ఆ డయాఫ్రమ్ తరచుగా కారణమవుతుంది. దాని గొట్టం కార్బురేటర్‌లో థ్రాటిల్ పైభాగానికి కలిసి ఉంటే, మానిఫోల్డ్‌కు తగిలించిన గేజ్ ఐడ్లింగ్‌లో దాన్ని పట్టుకోలేదు.