శ్వాస పరిమితి పరీక్ష: నాకు అక్కరకొచ్చిన ఒక్క అంకె, మాస్కు తెచ్చిన తంటా

మాస్కు తగిలించుకుని, క్షణక్షణానికీ బరువు పెంచే సైకిలు మీద అలసిపోయేదాకా తొక్కే వెంటిలేటరీ థ్రెషోల్డ్ పరీక్షను కొన్నేళ్లుగా నా శిక్షణకు ఆధారంగా వాడుతున్నాను. శ్రమ పెరిగేకొద్దీ ఊపిరి తీరు మారే రెండు హద్దులను (థ్రెషోల్డ్‌లను) ఇది పట్టిస్తుంది. నివేదికలో వచ్చే అంకెలన్నింటిలోనూ నాకు నిజంగా అక్కరకొచ్చింది ఒక్కటే: మొదటి థ్రెషోల్డ్ దగ్గరి వాట్లు. విఓ2 మ్యాక్స్ (శరీరం నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, రేపు ఎంత బలంగా తొక్కాలో చెప్పదు. రెండో థ్రెషోల్డ్, ఇరవై నిమిషాల పరీక్షతో ఇంట్లోనే లెక్కగట్టుకునే ఎఫ్‌టీపీకి (సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ వాట్లకు) నా విషయంలో దగ్గరగానే వచ్చింది కనుక, అందులో నాకు కొత్తగా తెలిసింది తక్కువ.

మొదటిది అలా కాదు. ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం వరకు ఎండ్యూరెన్స్ జోన్ (ఎక్కువసేపు తేలిగ్గా తొక్కే స్థాయి) అని వాడుకలో ఉన్న పట్టిక చెబుతుంది. నా ఎఫ్‌టీపీ 240 వాట్లు కాబట్టి పై హద్దు 180 కావాలి. పరీక్షలో నా ఊపిరి తీరు మారింది మాత్రం 160 దగ్గర. అప్పటినుంచి దూరపు సవారీలను ఆ హద్దుకు దిగువనే ఉంచుతున్నాను. మరునాడు కాళ్లలో బరువు ఉండటం లేదు, వారం మధ్యలో చేసే గట్టి ఇంటర్వల్స్ (మధ్యలో విరామమిస్తూ బలంగా తొక్కే విడతలు) చివరిదాకా నిలబడుతున్నాయి. ఈ ఒక్క మేలుకే పరీక్షను ఇష్టపడ్డాను.

ఆ ఇష్టానికి గట్టి పరీక్ష పెట్టింది మరుసటి సీజన్ నివేదిక. మొదటి థ్రెషోల్డ్ 135కు పడిపోయిందనీ, విఓ2 మ్యాక్స్ కూడా బాగా తగ్గిందనీ అందులో ఉంది. శిక్షణ సరిగా సాగడం లేదని ల్యాబ్‌లో తేల్చేశారు. పరీక్ష మధ్యలో హ్యాండిల్ మీదికి వంగినప్పుడు ముక్కు దూలం దగ్గర మాస్కు కాస్త లేచి, ఊపిరి వదిలిన ప్రతిసారీ కళ్లకు గాలి తగిలింది. చేత్తో సైగ చేస్తే, సహాయకుడు ఒకసారి అదిమి వదిలేశాడు. అందుకే ముడి డేటా ఇవ్వమని పట్టుబట్టాను. ఇలాంటి పరీక్షలో పెరిగే ప్రతి వాటుకూ శరీరం నిమిషానికి సుమారు 10 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అదనంగా వాడుకుంటుంది. నా గ్రాఫ్ 135 వాట్ల వరకు అలాగే నడిచి, ఆ తర్వాత దాదాపు 7కు పడిపోయింది. గుండె వేగం మాత్రం ప్రతి వాటు దగ్గరా పాత పరీక్షలో ఉన్నట్టే ఉంది. చిల్లికుండతో నీళ్లు కొలిచి బావిలో ఊట తగ్గిందన్నట్టుంది ఆ నివేదిక. గాలి కారడం మొదలైన చోట ఏర్పడిన వంపునే సాఫ్ట్‌వేర్ థ్రెషోల్డ్‌గా గుర్తించింది.

ముచ్చటేమిటంటే, సరైన జవాబు కూడా ఆ డేటాలోనే ఉంది. మాస్కులోంచి గాలి బయటికి పోతే, కొలతలో ఊపిరి పరిమాణమూ ఆక్సిజన్ వినియోగమూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కనుక, ఆ రెండింటి నిష్పత్తి పెద్దగా చెడదు. ఆక్సిజన్‌తో ఊపిరి నిష్పత్తి పైకి లేస్తూ, కార్బన్ డయాక్సైడ్‌తో దాని నిష్పత్తి ఇంకా నిలకడగా ఉన్న చోటే మొదటి థ్రెషోల్డ్. కార్బన్ డయాక్సైడ్ నిష్పత్తి కూడా లేవడం మొదలైతే అది రెండో థ్రెషోల్డ్. ఆ గీతలను కంటితో చూస్తే మార్పు 165 దగ్గర స్పష్టంగా కనిపించింది. విఓ2 మ్యాక్స్‌ను మాత్రం ఆ డేటా నుంచి రాబట్టడం కుదరలేదు.

ఇంత మెచ్చుకున్న 160ని కూడా నేను ఉన్నదున్నట్టు వాడటం లేదని చెప్పాలి. నిమిషానికి 20 వాట్ల చొప్పున పెంచే పరీక్షలో, ఆక్సిజన్ వినియోగం పెడల్ మీది బలం కన్నా కొన్ని పదుల సెకన్లు వెనకబడి నడుస్తుంది కాబట్టి, నివేదికలోని వాట్లు నిలకడగా తొక్కేటప్పటి కన్నా కొంత ఎక్కువగా పడతాయి; అందుకని 150 దాటకుండా చూసుకుంటున్నాను. పైగా ఈ పరీక్ష విశ్రాంతి తీసుకుని వచ్చిన శరీరం మీద జరుగుతుంది. గంటల తరబడి తొక్కాక థ్రెషోల్డే కిందికి జారవచ్చు. ఎండలో అదే బలానికి గుండె వేగం పెరుగుతుంది. మూడో గంట నుంచి వాట్లు చూపే మీటరు కన్నా, పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే నాకు కొలమానం. (ఒంటరిగా వెళ్లిన రోజున నాలో నేను మాట్లాడుకోవడం దారిన పోయేవారికి వింతగానే ఉంటుంది.)

వారానికి ఆరేడు గంటలు మాత్రమే వీలయ్యే, వేగం కన్నా దూరం మీద మక్కువ ఉన్న నాలాంటి వారికి, సీజన్ మొదట్లో ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవడం సబబే అనుకుంటున్నాను. అదీ మాస్కు కారుతోందో లేదో ముందే చూసి, ముడి డేటా చేతికిచ్చే చోటైతేనే. పొట్టి రేసులకు సిద్ధమయ్యేవారికి రెండో థ్రెషోల్డ్ నాకన్నా ఎక్కువ పనికిరావచ్చు. ఆ తరహా పోటీల్లో నేను దిగలేదు.