మాల్ట్ బస్తా కొనేవారికి హెచ్చరిక: మర ఆడించి ఇస్తామంటే ఒప్పుకోకండి

ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను, బస్తాల లెక్కన కొనేవారు, ముఖ్యంగా మొదటిసారి కొనబోయేవారు, నాకు జరిగిన నష్టాన్ని చదివిన తరువాతే డబ్బు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. కిలోల చొప్పున కొనడం కంటే బస్తా కొంటే కలిసివస్తుందన్న మాట నిజమే, నేనూ ఆ లెక్కతోనే 25 కిలోల బస్తాలు రెండు తెప్పించుకున్నాను. ఒకదానిని ఉచితంగా మర ఆడించి ఇస్తామని అమ్మకందారు అన్నప్పుడు, శ్రమ తగ్గుతుంది కదా అని సరేనన్నాను. నేను చేసిన అసలు తప్పు అదే.

ఆడించిన మాల్ట్ 5 కిలోలతో 20 లీటర్లు కాచినప్పుడు, గింజల నుంచి రసంలోకి చక్కెర ఎంత దిగిందో చెప్పే సాంద్రత, 1.052 దగ్గర ఉండవలసింది, హైడ్రోమీటర్‌లో 1.041 దగ్గరే ఆగిపోయింది. నా తూకాన్ని, నీటి వేడిని అనుమానించి మరోసారి ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం మారలేదు. అప్పుడు గాని రెండో బస్తా విప్పి, ఒక గింజ నోట వేసుకుని చూడాలన్న బుద్ధి పుట్టలేదు. మంచి మాల్ట్ గింజ పంటి కింద పటుక్కున విరిగి పిండి అవుతుంది. ఇది సాగి పంటికి అతుక్కుంది. బస్తాలోకి చెయ్యి పెడితే ముక్కిన వాసన, వేళ్లకు మెత్తటి పొడి, ఆ పొడిలో ముక్కు పురుగులు. కొన్ని గింజలకు చీపురుపుల్ల మొన దూరేంత రంధ్రాలున్నాయి, వాటిని గోటితో నొక్కితే పొట్టు తప్ప లోపల ఏమీ లేదు.

ఆ గింజలను 100 గ్రాములు తూచి, నలగ్గొట్టి, ఓవెన్‌లో 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 గంటలు ఆరబెడితే 91 గ్రాములు మిగిలింది. ఇంటి ఓవెన్ లెక్క కాబట్టి కొంత అటూఇటూ ఉండవచ్చు గాని, కొత్త మాల్ట్‌లో ఉండవలసిన తేమ 4 నుంచి 5 శాతమే. నీటిని మాల్ట్ ధరకు కొనడం ఇందులో చిన్న నష్టం. పెద్ద నష్టం మరలో జరుగుతుంది. తేమ పట్టిన గింజ రోలర్ల మధ్య పగలకుండా చదునై బయటపడుతుంది. లోపలి పిండి పొట్టును అంటుకునే ఉండిపోవడంతో దానికి వేడినీరు సరిగా అందదు. రోలర్ల మధ్య సందు ఎంత పెట్టారని అడిగితే వారు చెప్పలేకపోయారు. రెండు రోలర్ల ఇంటి మరకైతే సుమారు 1 మిల్లీమీటరుతో మొదలుపెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే పలుచని రేకులతో) కొలుచుకుంటూ సరిచేసుకోవచ్చు.

ఫిర్యాదు చేస్తే, ఆడించిన సరుకు వెనక్కు తీసుకోబోమని, రెండో బస్తాకు పురుగు మా ఇంట్లోనే పట్టిందని సమాధానమిచ్చారు. నేను ఆ బస్తా విప్పింది అది వచ్చిన 12వ రోజున. ముక్కు పురుగు గింజను తొలిచి లోపలే గుడ్డు పెడుతుంది, అది పురుగై గింజను చీల్చుకుని బయటికి రావడానికి ఎంత వెచ్చగా ఉన్నా దాదాపు నెల పడుతుంది. పైగా బస్తా మూతి కుట్టును చూస్తే పాత సూది రంధ్రాల పక్కనే వేరే దారంతో తిరిగి కుట్టినట్లు తెలుస్తోంది. లాట్ సంఖ్య గాని తయారైన తేదీ గాని ఎక్కడా లేవు. ఆడించిన బస్తా విషయంలో మాత్రం నా దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది, ఎందుకంటే రంధ్రాలున్న గింజలన్నీ మరలో నలిగిపోయాయి.

కాబట్టి గింజగానే తీసుకోండి. లాట్ సంఖ్యను, తేమ శాతం రాసిన విశ్లేషణ పత్రాన్ని ముందే అడగండి. బస్తా అందిన రోజే విప్పి, అడుగు నుంచి కూడా గింజలు తీసి కొరికి చూడండి. నీటిలో వేసి తేలినవి పుచ్చు గింజలని తేల్చే అలవాటు ఇక్కడ పనికిరాదు, మంచి మాల్టే చాలావరకు తేలుతుంది. అనుమానముంటే చిన్న సంచులుగా కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం పాటు ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే గాలిలోని తేమ గింజలపై చెమ్మగా చేరుతుంది. ఆ తరువాత గాలి చొరని డబ్బాలో పోసి, ఏ రోజుకు కావలసింది ఆ రోజే ఆడించుకోండి.

చాలా వాదన తరువాత వేరే బస్తా పంపుతామన్నారు. పంపే ముందు దాని కుట్టు ఫోటో ఒకటి పెట్టమని అడిగాను, ఇంతవరకు ఫోటో రాలేదు.